వినాయకుడు పాలు తాగలేదు, అయితే ఏంటట?

కార్తీకమాసం వచ్చిందంటే మా ఫ్యామిలీ గ్రూపులో దీపాలకంటే ముందు ఫార్వర్డులు వెలుగుతాయి. ఈసారి డల్లాస్ నుంచి మా బావ పెట్టాడు: "ఆవునెయ్యి దీపం పెడితే గాలిలో బాక్టీరియా చస్తుందని నాసా తేల్చింది. మన పెద్దలకి ఇది ఎప్పుడో తెలుసు." కింద మా తమ్ముడు పగలబడి నవ్వే బొమ్మలు ఓ పాతిక పెట్టి, "నాసాకి ఇంకేం పన్లేదా బావా" అన్నాడు. అంతే. రాత్రి పదకొండయ్యేసరికి ఒకరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పెద్దమ్మ మాత్రం ఆ గొడవ మధ్యలోనే తన పాటికి తాను గుడ్ నైట్ పువ్వులు పెట్టుకుంటూ పోయింది. చివరికి ఇద్దరూ నామీద పడ్డారు. "అక్కా, నువ్వు సైన్స్ టీచర్‌వి, నువ్వు చెప్పు" అని వాడు. "రోజూ దీపం పెట్టేదానివి, నువ్వే చెప్పమ్మా" అని ఈయన.

చెబుతున్నా. అక్కడ చెబితే ఇంకో నలుగురు వెళ్ళిపోతారు కాబట్టి ఇక్కడ.

నేను దేవుణ్ణి నమ్ముతాను. అయినా మా తమ్ముడి వెక్కిరింతకంటే మా బావ నాసాయే నాకు ఎక్కువ ఒళ్ళు మండిస్తుంది. ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర్నుంచి మొదలెట్టాలి.

మా నాన్న నాస్తికుడు. బెజవాడలో ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజింగ్ చేసేవాడు. ఎన్ని వ్రతకల్పాలు అక్షరం అక్షరం పేర్చాడో లెక్కలేదు, ఒక్క వ్రతానికీ పీట మీద కూర్చోలేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు పటమటలో గోరా మాట్లాడుతుంటే విన్నాడట. ఈ తరం పిల్లలకి గోరా అంటే తెలియదు కాబట్టి రెండు ముక్కలు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి తెచ్చాడు. నిప్పులమీద నడవడానికి మహిమలేం అక్కర్లేదని నడిచి చూపించిన కుటుంబం. ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్న మనిషి.

నాకు ఇందులో బాగా నచ్చే ఘట్టం వేరే ఉంది. ఈ నాస్తికుడు వెళ్ళి సేవాగ్రామ్‌లో గాంధీ దగ్గర కూర్చున్నాడు. రోజూ ప్రార్థన చేసే గాంధీ, ప్రార్థనే వద్దనే గోరా. ఒకరినొకరు రుజువులు అడగలేదు. అంటరానితనం పోవాలంటే ఏం చేస్తున్నావు అన్నది వాళ్ళ మధ్య అసలు లెక్క. గోరా కూతురికి దళిత యువకుడితో పెళ్ళి అనుకున్నప్పుడు, దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద ప్రమాణం చేయించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. ఆ పెళ్ళి ఆయన పోయాక, 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. "దేవుడే సత్యం" అన్న తన మాటనే తిరగేసి "సత్యమే దేవుడు" అని గాంధీ అన్నది 1931లో. దేవుణ్ణి కాదనేవాళ్ళు కూడా సత్యాన్ని కాదనలేరు కదా అన్నది ఆయన కారణం. ఇప్పుడు మా గ్రూపు చూడండి. గుడ్ నైట్ పువ్వులు నయం.

ఇక అసలు సంగతి. 1995 సెప్టెంబరు 21. నేను ఎనిమిదో తరగతి. వినాయకుడు పాలు తాగుతున్నాడని పొద్దున్నే ఊరంతా గుప్పుమంది. గుళ్ళ ముందు స్టీలు చెంబులతో, పాల ప్యాకెట్లతో క్యూలు. నేనూ పక్కింటి ఆంటీతో వెళ్ళి నిలబడ్డాను. గంటన్నర తర్వాత నా వంతు వచ్చింది. చెంచా తొండానికి ఆనించగానే పాలు నిజంగానే తగ్గిపోయాయి! ఒళ్ళు జలదరించింది. ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. పూజగూట్లోంచి ఇత్తడి వినాయకుణ్ణి తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టాడు. చెంచాడు పాలలో చిటికెడు కుంకుమ కలిపి తొండానికి ఆనించాడు. చెంచాలో పాలు తగ్గుతున్నాయి. బొజ్జ మీదుగా మాత్రం ఎర్రటి సన్నగీత దిగుతోంది, పాదాల దాకా. "తెల్లపాలైతే ఇది కనపడదు. తడి తడిని లాక్కుంటుంది, అంతే" అన్నాడు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు కూడా రంగు కలిపిన పాలతోనే చూపించారని తర్వాత పేపర్లో చదివాం. తలతన్యత అనే మాట నాకు పుస్తకంలోకంటే ముందు ఆ గట్టుమీదే తెలిసింది.

నేను ఏడుపుమొహం పెట్టి అమ్మ వంక చూశాను. అమ్మ కూర తాలింపు వేస్తోంది. తలతిప్పకుండా, "ఆయన తాగితే ఎంత, తాగకపోతే ఎంత? తాగలేదని రేపు నేను పూజ మానేస్తానా? ముందు ఆ కుంకుమ కడగండి, గట్టు మరకవుతుంది" అంది.

ఇన్నేళ్ళకీ దేవుడి గురించి నేను విన్న వాదనల్లో దాన్ని మించింది లేదు. వినాయకుడు పాలు తాగాడు కాబట్టి నమ్మినవాడు, తాగలేదని తేలిన మర్నాడు ఏం చేయాలి? నాసా చెప్పింది కాబట్టి దీపం పెట్టేవాడు, అది ఎల్‌ఈడీ బల్బు చాలంటే దీపం తీసేస్తాడా? బావా, నిన్నే అడుగుతున్నా. నీ దేవుడికి ఎవడో సర్టిఫికెట్ ఇస్తే తప్ప నిలబడలేడని నువ్వే ఊరంతా చాటుతున్నావు. పైగా ఆ సర్టిఫికెట్టు దొంగది.

మనవాళ్ళకే కాదు ఈ జబ్బు. సృష్టి ఆరు రోజుల్లో జరిగిందని శిలాజాలతో రుజువు చేస్తామనే పాస్టర్లున్నారు, పిండం ఎదుగుదల మొత్తం మా గ్రంథంలోనే ఉందనే మౌల్వీలున్నారు. అందరూ సైన్సుని తిడతారు, అందరికీ సైన్సు సంతకం కావాలి. మా పెదనాన్నది ఇంకో బాపతు. "దేవుడుంటే లాభం, లేకపోతే నష్టమేముందే, నమ్మి పడుంటే పోలా" అంటాడు. పాస్కల్ అనే ఫ్రెంచి గణితవేత్త 17వ శతాబ్దంలోనే ఇలాంటి లెక్క వేశాడు. మా పెదనాన్నకి పాస్కల్ తెలియదు, బీమా పాలసీ తెలుసు. ఎన్ని వందల దేవుళ్ళకి ప్రీమియం కట్టాలి పెదనాన్నా అంటే మాత్రం కాఫీ తెమ్మంటాడు. రామానుజన్‌ని లాక్కొచ్చేవాళ్ళు సరే సరి. సూత్రాలు నామగిరి తాయారు ఇస్తుందని ఆయన నమ్మాడు, నిజమే. కానీ ప్రధాన సంఖ్యల గురించి మొదట్లో ఆయన రాసినవాటిలో కొన్ని తప్పని కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీ పట్టుకున్నాడు. అమ్మవారు ఇచ్చినా సరే, లెక్క సరిచూడాల్సిందే.

ఇప్పుడు తమ్ముడూ, నీ వంతు.

నువ్వు నాస్తికుడివయ్యింది యూట్యూబ్‌లో. నాన్న అయ్యింది దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి 22 ఏళ్ళు. ప్రెస్సులో పని ఆపేసి లారీ ఎక్కి అవనిగడ్డ వైపు వెళ్ళాడు. చనిపోయినవాళ్ళు అధికారుల లెక్కలోనే 10,000 దాకా. ఆయన దాని గురించి నాతో ఒక్కసారే మాట్లాడాడు. తుమ్మచెట్టు కొమ్మల్లో ఒక పసిదాన్ని చూశాడట. మొలతాడుకి తాయెత్తు కట్టి ఉందట. "ఆ తాయెత్తు కట్టిన తల్లిది ఏ తప్పు?" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

దానికి నా దగ్గర జవాబు లేదు. పూర్వజన్మ కర్మ అని ఎవరైనా అంటే వాళ్ళని ఆ తుమ్మచెట్టు కింద నిలబెట్టి మళ్ళీ అనమంటాను. దేవుడి లీల అన్నా అంతే. నమ్మేవాళ్ళం ఇక్కడ నోరు మూసుకోవాలి.

కానీ నాన్న ఇంకో మాట కూడా అన్నాడు. ఆ శవాలు మోసినవాళ్ళలో దండం పెట్టి మోసినవాళ్ళున్నారు, పెట్టకుండా మోసినవాళ్ళున్నారు, ముక్కుకి కట్టుకున్న గుడ్డలోంచి వాళ్ళెవరో తెలిసేది కాదు అని. మరి 2024లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగితే నువ్వేం చేశావు? హైదరాబాద్‌లో కూర్చుని "కొండమీద దుర్గమ్మ ఏం చేస్తోందో" అని మీమ్ పెట్టావు. ప్రశ్న న్యాయమైనదే. నాన్న అడిగితే వింటాను, ఎందుకంటే ఆయన 70వ ఏట మోకాల్లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు మోసుకెళ్ళాడు. నువ్వడిగితే ఎందుకో చిరాకొచ్చింది.

సరే, రుజువు లేదు, దివిసీమకి జవాబూ లేదు, మరి నువ్వెందుకు నమ్ముతున్నావు అని అడుగుతారు. మా క్లాసులో పిల్లలూ అడుగుతారు. ఏటా తలతన్యత పాఠానికి ఆ ఇత్తడి వినాయకుణ్ణే పట్టుకెళ్తాను, కుంకుమ పాలతో సహా. ప్రతి బ్యాచ్‌లో ఒకడు లేస్తాడు. "టీచర్, మరి మీరు బొట్టు పెట్టుకున్నారుగా?"

నా కారణం చాలా చిన్నది. పొద్దున్నే అయిదుంపావుకి దీపం పెట్టి ఆయన ముందు కూర్చుంటాను. నిన్న చేసిన వెధవపని ఒకటి ఒప్పుకుంటాను. ఒక పిల్లాణ్ణి అనవసరంగా నలుగురిలో తిట్టడం, అత్తగారి మందులు మర్చిపోయి ఆవిడే అడగలేదని చెప్పడం, ఇలాంటివి. "గోడకి చెప్పుకోవచ్చుగా అక్కా" అన్నాడు తమ్ముడు ఒకసారి. నిజం చెబుతున్నా, చెప్పి చూశాను. గోడ దగ్గర నేను అబద్ధం ఆడగలుగుతున్నాను. నా తరఫున నేనే వాదించుకుని కేసు గెలుస్తున్నాను. దీపం ముందు అది కుదరడం లేదు. అవతల ఎవరో ఉన్నారు, వాళ్ళకి ముందే తెలుసు అనిపిస్తుంది. దాన్ని మనస్సాక్షి అంటారని నాన్న అన్నాడు. అయ్యుండొచ్చు. కానీ నా మనస్సాక్షి నాకు తెలుసు, అది లంచం తీసుకునే రకం.

ఇది రుజువు కాదు. దీంతో నేనెవర్నీ నమ్మించలేను, నమ్మించాలనీ లేదు. మడుగులో మొసలి నోట కాలున్న గజేంద్రుడే, ఉన్నాడంటున్నవాడు అసలు ఉన్నాడా లేడా అని అనుమానపడి, ఆ తర్వాత కూడా పిలిచాడు. నాదీ ఇంచుమించు అదే బాపతు పిలుపు, మొసలి లేదంతే.

పోయినేడాది అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు వారాలు మంచం దిగకూడదన్నారు. నేను స్కూలు చూసుకుని వెళ్ళేసరికి సాయంత్రం అయ్యేది. పొద్దున దీపం ఆగిపోతుందేమోనని అమ్మకి ఒకటే బెంగ. రెండోరోజు తెల్లారి ఫోన్ చేస్తే, వెనకాల గొంతులు వినపడ్డాయి. నాన్న పూజగూటి ముందు అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాడట. 70 ఏళ్ళలో మొదటిసారి.

"ఒక్క వత్తి వేశారేంటండీ, ఒంటి వత్తి పెట్టకూడదు" అని మంచం మీంచి అమ్మ కేక.

"ఎందుకు పెట్టకూడదు?"

"ఏమో, పెట్టకూడదంతే. మా అమ్మ చెప్పింది."

ఒక క్షణం ఏమీ వినపడలేదు. "హమ్మయ్య, బాక్టీరియా అంటావేమోనని భయపడ్డాను" అన్నాడు నాన్న. తర్వాత పత్తి ఎక్కడుందో వెతుక్కుంటున్న చప్పుడు.