మహారాజశ్రీ రిఫ్రెష్ గారికి

మహారాజశ్రీ రిఫ్రెష్ గారి సముఖమునకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ల్యాప్‌టాప్ మాత్రం ఎప్పటిలాగే మూలుగుతోంది. తమరు రైట్ క్లిక్ మెనూలో వ్యూ, సార్ట్ బై గార్ల కింద మూడో స్థానంలో సుఖంగా ఉన్నారని తలుస్తాను.

మన దేశంలో తమరికున్న పరపతి ఇంకే ఆప్షన్‌కీ లేదు. తమరిని నొక్కితే కంప్యూటర్ స్పీడు పెరుగుతుందని జనం నమ్మకం. ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ ఇస్తే కౌంటర్ వెనకున్న కుర్రాడు వెంటనే ఫైలు తెరవడు. ముందు డెస్క్‌టాప్ మీద ఖాళీ చోటు వెతికి, రైట్ క్లిక్ కొట్టి, తమరిని పిలుస్తాడు. మళ్లీ పిలుస్తాడు. ఇంకోసారి పిలుస్తాడు. పూజకు ముందు ఆచమనంలాగా అది పూర్తయితే గానీ అసలు పని మొదలవదు. అమీర్‌పేటలో కోర్సు చేసి, అమెరికాలో క్లౌడ్ సర్వర్లు నడుపుతున్న మనవాళ్లు కూడా మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేయగానే చెయ్యి ఆగక రెండుసార్లు తమరి షార్ట్‌కట్ ఎఫ్5 నొక్కేస్తారు. అవతలివాడు అదేమిటని అడిగితే నవ్వి ఊరుకుంటారు. చెప్పడానికి ఏముంది?

ఇంత సేవ చేయించుకుంటున్న తమరు తిరిగి చేసేదేమిటో ఒకసారి లెక్క చూద్దాం. డెస్క్‌టాప్ కూడా ఒక ఫోల్డరే. అందులో ఏమేం ఉన్నాయో తమరు మరోసారి చూసి, ఐకాన్లను తెర మీద కొత్తగా గీస్తారు. అయిపోయింది. నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే మెమరీ, అదే ర్యామ్, అందులో ఒక్క ఎంబీ ఖాళీ చేయరు. ప్రాసెసర్ మీద బరువు దించరు సరికదా, ఆ గీతల బరువు కూడా దాని నెత్తినే పెడతారు. డెస్క్‌టాప్ నిండా పెళ్లి ఫొటోలూ సినిమాలూ పరిచినవాళ్ల సిస్టమ్‌లో ఆ బరువు కంటికి కనబడుతుంది కూడా. ఫైలు వచ్చినా పోయినా విండోస్ తనంతట తానే గమనించి చూపిస్తుంది కాబట్టి, గీసే పనికి సైతం తమరితో అవసరం తక్కువ. ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పక్క సిస్టమ్ వాళ్లు పెట్టిన ఫైలు కనబడనప్పుడో, పేరు మార్చిన ఫైలు వరసలోకి రానప్పుడో అక్కరకొస్తారు. ఆ మాత్రం పుణ్యం తమ ఖాతాలో వేయాల్సిందే.

మరి నొక్కాక స్పీడు పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుంది? ల్యాప్‌టాప్ ఆన్ అయిన మొదటి కొన్ని నిమిషాలు వెనకాల బోలెడు ప్రోగ్రాములు లేస్తుంటాయి. అంతసేపూ మేము తమరిని నొక్కుతూ కూర్చుంటాం. వాటి పని ముగిసి సిస్టమ్ తేలికపడగానే "చూశావా, రిఫ్రెష్ కొడితే ఎలా సెట్ అయిందో" అంటాం. కష్టం ఒకరిది, పేరు మరొకరిది.

ఆ పేరు ఎంత గట్టిదో 2021లో తేలింది. విండోస్ 11 పరీక్ష దశలో ఉండగా మైక్రోసాఫ్ట్ వాళ్లు రైట్ క్లిక్ మెనూను కుదిస్తూ తమరిని 'షో మోర్ ఆప్షన్స్' అనే వెనక గదిలోకి తోశారు. జనం ఊరుకుంటారా? జూలైలో వచ్చిన 22000.65 అనే పరీక్ష వెర్షన్‌లో, వినియోగదారులు అడిగారు కాబట్టి అని చెప్పి మరీ, తమరిని తిరిగి ముందు వరసలో కూర్చోబెట్టారు. అడిగినవాళ్లలో మన గొంతు లేదంటే నేను నమ్మను.

బ్రౌజర్‌లో తమ పేరుతోనే ఉండే మరొకాయన సంగతి వేరు. ఆయన నిజంగానే సర్వర్ దాకా వెళ్లి పేజీని మళ్లీ తెస్తాడు. ఇంటర్ రిజల్ట్స్ రోజు రాష్ట్రమంతా ఆయన్నే బాదుతుంది. ఒక్కో బాదుడూ సర్వర్‌కి ఒక కొత్త అర్జీ కాబట్టి రద్దీ ఇంకా పెరిగి పేజీ రానే రాదు. పని చేసి తిట్లు తినేది ఆయన, పని లేకుండా దండలు వేయించుకునేది తమరు.

ఇక తమ బంధువర్గం. విండోస్, ఆర్ రెండూ కలిపి నొక్కితే వచ్చే రన్ బాక్సులో వీళ్ల నివాసం. టెంప్, పర్సంటేజ్ టెంప్ పర్సంటేజ్ (%temp%), రీసెంట్, ప్రీఫెచ్, ట్రీ. చివరిది తప్ప మిగతావన్నీ ఫోల్డర్ల పేర్లే. కంప్యూటర్ మెకానిక్ ఇంటికొచ్చాడంటే ఇదే వరసలో టైప్ చేసి, తెరుచుకున్నదాంట్లో ఉన్నదంతా చెరిపేయడానికి కంట్రోల్ ఏ, షిఫ్ట్ డిలీట్ కొడుతూ పోతాడు. చూస్తున్న మనకు ఏదో వైద్యం జరుగుతున్నట్టే ఉంటుంది.

తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ పెద్దమనిషే. సీ డ్రైవ్ నిండి ఎర్రబడినప్పుడు కాస్త చోటు ఇప్పిస్తాడు. రీసెంట్‌ను ఖాళీ చేస్తే నిన్న ఏ ఫైలు తెరిచామో ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఉంటుంది, స్పీడుతో దానికి సంబంధం లేదు. ట్రీ మరీ విచిత్రం. నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని గీతలూ పేర్లూ సర్రున పారి మాయమవుతాయి. చూసినవాళ్లు చెత్తంతా కొట్టుకుపోయిందనుకుంటారు. విండోస్‌కు ముందున్న డాస్ కాలం నుంచీ ఆ కమాండ్ చేసేది ఒక్కటే, ఏ ఫోల్డర్ కింద ఏ ఫోల్డర్ ఉందో జాబితా చదవడం. చదివింది, వెళ్లిపోయింది. చెత్త ఎక్కడిది అక్కడే ఉంది.

నాకు జాలి కలిగేది ప్రీఫెచ్ మీద. 2001లో ఎక్స్‌పీతో వచ్చింది పాపం. ఏ ప్రోగ్రాము తెరిచేటప్పుడు ఏయే ఫైళ్లు కావాల్సి వస్తున్నాయో రాసి పెట్టుకుని, మరుసటిసారి వాటిని ముందే తెచ్చి ఉంచుతుంది. అంటే స్పీడు పెంచడానికి విండోస్ రాసుకున్న చిట్టా అది. మనం స్పీడు పెంచుతామని బయల్దేరి ఆ చిట్టానే చించేస్తాం. అది నోరు మూసుకుని మళ్లీ మొదటి నుంచి రాసుకుంటుంది. వచ్చే నెల మెకానిక్ వచ్చి మళ్లీ చించుతాడు, ఫీజు తీసుకుని.

ఇంతకీ ల్యాప్‌టాప్ ఎందుకు నత్తనడక నడుస్తోంది? పెట్టె మీద పెద్ద అక్షరాల్లో '1 టీబీ' అని వేసి అమ్మినవి చాలావాటిలో ఉన్నది 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్. నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90. కావాల్సిన సమాచారం డిస్క్‌ను చదివే సూది కిందికి రావాలంటే ఒక చుట్టు తిరిగే 11 మిల్లీసెకన్లలో సగటున సగం వేచి ఉండాలి, పైగా సూది కూడా సరైన చోటికి జరగాలి. తలో మూలనా ఉన్న ముక్కలు ఏరుకురమ్మంటే సెకనుకు వంద కూడా తేలేదు. విండోస్ బూట్ అయ్యేటప్పుడు అడిగేవి అలాంటి ముక్కలే, అదీ వేలల్లో. దానికి తోడు 4 జీబీ ర్యామ్. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు, ఒక మీటింగ్ యాప్ తెరిస్తే అది నిండిపోతుంది. పొంగిన సరుకును విండోస్ పేజ్‌ఫైల్ పేరుతో ఆ డిస్క్ మీదికే తోస్తుంది. సిస్టమ్‌లో దేని మీద ఎంత బరువుందో చూపే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రగా కనిపించేది అప్పుడే, మేము తమరిని శరణు వేడేదీ అప్పుడే.

ఎక్స్‌పీ కనీసం 64 ఎంబీ ర్యామ్ చాలంది, విండోస్ 11 కనీసం 4 జీబీ అంది. ఇరవై ఏళ్లలో సరిగ్గా 64 రెట్లు. ఆ కనీసంతో బండి కదులుతుంది, పరిగెత్తుతుందని ఎవరూ మాటివ్వలేదు.

హార్డ్ డిస్క్ బదులు, తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీ వేస్తే, అది అతి చవక రకమైనా, అవే ముక్కలను సెకనుకు వేలల్లో తెస్తుంది. ముసలి ల్యాప్‌టాప్‌కు ఇంతకు మించిన మందు లేదని నా అభిప్రాయం. ర్యామ్ కూడా పెంచవచ్చు, బోర్డుకే అతికించిన రకం కాకపోతే. విండోస్‌కు బదులు తేలికైన లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకునేవాళ్లు వేసుకోవచ్చు. పేజీలు కంపోజ్ చేసే డీటీపీ వాళ్లకు మాత్రం ఆ దారి కష్టం. వాళ్లు వాడే పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్‌నే నమ్ముకుని ఉన్నాయి.

డబ్బు ఖర్చు లేని మందూ ఒకటుంది. స్టార్ట్ మెనూలో పడి ఉంటుంది, పేరు రీస్టార్ట్. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా, అది దేనికి అంటాం. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ అంటే సగం నిద్రే. విండోస్ గుండెకాయలాంటి కెర్నల్‌ను డిస్క్‌లో దాచుకుని పొద్దున అలాగే లేపుతుంది. టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ చూస్తే, రాత్రి కట్టేసిన సిస్టమ్ కూడా రోజుల తరబడి మేలుకుని ఉన్నట్టు లెక్క చూపిస్తుంది. రీస్టార్ట్ కొడితే పూర్తిగా కొత్తగా లేస్తుంది. దాని వంక చూసే నాథుడు లేడు.

అందుకే ఈ విన్నపం. తమ పదవి ఊడగొట్టమని అడగను, ఊడగొట్టినా జనం మళ్లీ తెచ్చి కూర్చోబెడతారు. కాస్త పని కల్పించుకోండి చాలు. ఎవరైనా వరసగా మూడోసారి నొక్కితే ఐకాన్లు గీయడం ఆపి, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీ తెరవండి. ప్రింటర్ అమ్మేసినా పొద్దున్నే లేస్తున్న ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అక్కడే దొరుకుతుంది, ఆపేసుకుంటారు. అయిదోసారికి, ఫైళ్లు సేవ్ చేసుకోమని హెచ్చరించి రీస్టార్ట్ కొట్టేయండి. పదోసారి కూడా నొక్కితే ర్యామ్ ఎంతో, డిస్క్ ఏ రకమో తెర నిండా పెద్ద అక్షరాల్లో చూపించి, కంప్యూటర్ విడిభాగాలు అమ్మే సికింద్రాబాద్ సీటీసీకి దారి చెప్పండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
4 జీబీ కుటుంబీకుడు