బడిలో మాస్కు దండగ అన్న వాదనకు జవాబు

కరోనా ఉధృతంగా ఉన్న 2021 ఆగస్టులో అమెరికాలో బడులు తెరిచే ముందు టెక్సాస్, ఫ్లోరిడా గవర్నర్లు మాస్కు తప్పనిసరి చేయడానికి వీల్లేదంటూ ఉత్తర్వులిచ్చారు. దాన్ని సమర్థిస్తూ తెగ తిరిగిన వాదన ఇది: "బల్లలు దూరంగా వేసి కిటికీలు తెరిస్తే చాలు. మాస్కు రంధ్రాల్లోంచి వైరస్ ఎలాగూ దూరిపోతుంది. పైగా పిల్లలకు కార్బన్ డయాక్సైడ్ పట్టేస్తుంది. మాస్కు ఉన్న బడికీ లేని బడికీ తేడా లేదు."

దూరం, కిటికీలు చాలా? కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2021 మే నెలలో సరిగ్గా అలాంటి తరగతి గదే ఉంది. బల్లల మధ్య ఆరడుగులు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచారు. ముందువైపు గాలి శుద్ధి చేసే యంత్రం. టీకా వేసుకోని టీచరుకు ముక్కుదిబ్బడ, నీరసం మొదలైతే ఎలర్జీ అనుకుని రెండు రోజులు పాఠం చెప్పారు. మాస్కు నియమం ఉన్నా, పిల్లలకు పైకి చదివి వినిపించేటప్పుడు తీసేశారు. 24 మంది పిల్లల్లో 12 మందికి కరోనా డెల్టా రకం సోకింది. ముందు రెండు వరుసల్లో పదిమందికి ఎనిమిది మంది, వెనక మూడు వరుసల్లో పద్నాలుగు మందికి నలుగురు.

"పిల్లలు మాస్కు పెట్టుకున్నా సోకిందిగా" అనొచ్చు. మాస్కు ఎక్కువ పని చేసేది వైరస్ బయటికొచ్చే నోటి దగ్గర. అక్కడ తీసేస్తే, వినేవాళ్ల బుగ్గల పక్క సందుల్లోంచి గాలి లోపలికి పోతూనే ఉంటుంది. అందుకే ఒక్కరికే వదిలేసే ఇష్టంగా దీన్ని చూడలేం.

రంధ్రాల సంగతి. వైరస్ సుమారు 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అన్నది నిజమే. కానీ అది ఊపిరితో, మాటతో వచ్చే తేమ కణాల్లో ఉండి వస్తుంది. మాస్కు జల్లెడ కాదు. సర్జికల్, ఎన్95 మాస్కుల మధ్య పొరలో చిందరవందరగా అల్లుకున్న సన్నటి పీచుకు విద్యుదావేశం ఉంటుంది. పెద్ద కణాలు మలుపు తిరగలేక పీచును గుద్దుకుంటాయి. మరీ చిన్నవి అటూ ఇటూ కదులుతూ వెళ్లి అంటుకుంటాయి. తప్పించుకునే వీలెక్కువ ఉన్నది 0.3 మైక్రాన్ల దగ్గరి కణాలకు. ఎన్95ను పరీక్షించేదీ ఆ సైజు దగ్గరే. కార్బన్ డయాక్సైడ్ అణువు వైరస్ కన్నా కొన్ని వందల రెట్లు చిన్నది. అది మాస్కులో ఇరుక్కోదు.

తేడా లేదన్న మాటకు అరిజోనా లెక్క చూడండి. మారికోపా, పీమా కౌంటీల్లో 2021 జులై 15 నుంచి ఆగస్టు 31 దాకా 999 బడులను పరిశీలించారు. మొదటి నుంచీ మాస్కు తప్పనిసరి చేసిన 210 బడుల్లో 16 చోట్ల కేసులు గుంపుగా బయటపడ్డాయి. అసలు నియమమే లేని 480లో 113 చోట్ల. అంటే నూటికి 8, నూటికి 24. ఇది పోలికే, ప్రయోగం కాదు. అయినా బడి సైజు, చుట్టుపక్కల కేసుల తీవ్రత లాంటివి లెక్కలోకి తీసుకున్నాకా తేడా పోలేదు.

ఆ వాదనలో ఒక్క ముక్క ఒప్పుకోవాలి: వదులుగా వేలాడే గుడ్డ మాస్కు చేసే మేలు తక్కువే. పిల్లాడికి పెట్టాక ముక్కు మీది తీగను రెండు వేళ్లతో నొక్కండి. కళ్లజోడు మసకబారితే పైన సందు ఉన్నట్టే. సర్జికల్ మాస్కు పెద్దదైతే చెవి తాళ్లను అంచు దగ్గర ముడివేసి, పక్కల మిగిలిన మడతను లోపలికి దోపండి. తడిస్తే మార్చుకోవడానికి సంచిలో రెండు అదనంగా పెట్టండి. భోజనాల వేళ అందరూ మాస్కు తీయక తప్పదు, కాబట్టి ఆ అరగంట పిల్లల్ని ఆరుబయట కూర్చోబెట్టమని బడివాళ్లను అడగండి.