చేతులు చూపించండి

మా పేటలో వాంతులు, విరేచనాలు మొదలైన నాలుగో రోజున ఇంటింటికీ ఒక కరపత్రం పంచారు. వ్యాధి పాకడానికి కారణాలన్నీ అందులో ఉన్నాయి: ప్రజలు చేతులు కడుక్కోరు, నీళ్లు కాచుకోరు, ఈగలు వాలిన తిండి తింటారు. కొళాయి గొట్టం ఊసు మాత్రం లేదు. కలరా అన్న మాటా లేదు. కోస్తాలో మరిడమ్మ అనీ, తెలంగాణలో గత్తర అనీ మన పెద్దలు భయపడుతూనైనా పేరు పెట్టి పిలిచిన రోగాన్ని కార్యాలయాల వారు ‘అతిసారం’ దాటి పలకరు; అంతటి భక్తి.

కరపత్రం చదవలేనివారి కోసం కూడలిలో ప్రదర్శన కూడా జరిగింది. అరచేతులు, వేళ్ల సందులు, గోళ్లు వరుసగా ఎలా తోముకోవాలో గాలిలోనే చూపించారు. ఆ రోజు కొళాయి రాని రోజు మరి. ఫొటోకు నీళ్లు కావలసివచ్చి, ఎదురింటావిడ మొన్న పట్టి దాచుకున్న బిందె తెప్పించి బకెట్టులో ఒంపారు. వేళ్ల సందులు సరిగా పడలేదని ఫొటోగ్రాఫరు అంటే అధికారిగారు మళ్లీ కడుక్కున్నారు, బ్యానరు వంకరగా ఉందంటే మూడోసారీ కడుక్కున్నారు. “ఈ నీళ్లు కాస్త వాసన చూడండి బాబూ” అని ఆవిడ అంటే, “ముందు మీ చేతులు చూపించండమ్మా” అన్నారు.

వాసన ఎందుకు రాదు? రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లో, సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. ఇళ్లలో బిగించుకున్న మోటార్లు ఆ పీల్పుకు తమ వంతు సాయం చేస్తాయి. కొళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నియమం ఉంది గాని, కొలత ట్యాంకు నీడలోనే ముగుస్తుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు కలరా చావులు ఏ వీధిలో ఎన్నో లెక్కవేసి, అవి ముసిరిన చోట జనం నీళ్లు తోడుకునే బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి ఊడదీయించాడు. పాపం, ఆయనకు బ్యానరు ఆలోచన తట్టలేదు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మంచినీటిలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లు చేతులు కడుక్కోక పోలేదు, నీళ్లు తాగి పోయారు.

వేళకు ఓఆర్‌ఎస్, అవసరమైతే సెలైన్ అందితే నూటికి ఒక్కరు కూడా పోనక్కరలేని జబ్బు ఇది. అటువంటి దానితో పోయిన ముసలమ్మ పేరు పక్కన ‘ఇతర అనారోగ్యం’ అని రాసిన చెయ్యి ఉందే, దాన్ని ఏ సబ్బుతో తోముతారు? ఆ చెయ్యి చూపించండి ముందు!

ఫొటో అయ్యాక బకెట్టు నీళ్లు పక్క కాలవలో పారబోశారు. మా కొళాయి గొట్టం ఆ కాలవలోంచే పోతుంది.