చేపపిల్లల లెక్కతో కూలి గిట్టదు

తెలంగాణలో ప్రభుత్వ ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలైతే చాలు, ఎన్ని కోట్ల పిల్లలు వదిలారన్నదే వార్త అవుతుంది. పాకాల, లక్నవరం మొదలు ఊరి చెరువుల దాకా వల మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు ఆ అంకె కూడు పెట్టదు. పిల్ల ఎంత సైజుది, ఏ నెలలో వచ్చింది, ఎండాకాలంలో చేప ఎవరి కాంటా ఎక్కింది... వాళ్ల ఆదాయం తేలేది ఇక్కడే.

2016-17లో మొదలైన ఈ పథకం నియమం మంచిదే. వేసవిలో ఎండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, నీళ్లు నిలిచే చెరువులకు, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్లవి. నీళ్లు ఎండని చోట కొర్రమట్ట, వాలుగ తిష్ఠ వేసుకుని ఉంటాయి. చిన్న పిల్లను వదిలితే వాటికి మేత వేసినట్టే. అందుకే మత్స్యకారుల సొసైటీ సభ్యులు కట్ట మీదే ఒక సంచి విప్పించి, పిల్లలను లెక్కపెట్టి, కొన్నింటిని స్కేలు మీద కొలవాలి. సంచిని పావుగంట నీళ్లలో తేలనిచ్చి, చెరువు నీటిని కొంచెం కొంచెంగా లోపలికి పోనిచ్చాకే పిల్లలను వదలాలి. దూరం నుంచి లారీలో వచ్చిన పిల్లను ఒక్కసారిగా కుమ్మరిస్తే వేడి తేడాకే చస్తుంది. మత్తడికి, అంటే నీళ్లు పొర్లే అలుగుకు, జాలీ వల కట్టకపోతే వరదకు మిగిలినవీ పోతాయి.

పిల్లలను కొనే టెండర్ల ఆలస్యం ఇంతకన్నా పెద్ద దెబ్బ. పది వేల పిల్లల్లో నాలుగు వేలు బతికాయనుకుందాం. ఆగస్టులో వదిలితే ఏప్రిల్ నాటికి చేప 700 గ్రాములు తూగిందనుకుంటే 2.8 టన్నులు. నవంబరులో వదిలితే చలికి ఎదుగుదల మందగిస్తుంది. 400 గ్రాముల దగ్గరే ఆగితే 1.6 టన్నులు. పిల్లల సంఖ్య మాత్రం రెండింటికీ ఒక్కటే!

ఆ తర్వాతిది అమ్మకం. తూముల నుంచి నీళ్లు వరికి పోయి, చెరువులన్నీ ఒకేసారి అడుగంటుతాయి. అందరూ అవే వారాల్లో వల వేస్తారు. వలలకు, తెప్పలకు ముందే అడ్వాన్సు ఇచ్చిన దళారి చెప్పిందే ధర. కిలోకు 10 రూపాయలు కోసినా 5 టన్నులకు 50 వేలు పోయినట్టే. మే ఎండలో ఐస్ లేని చేప మధ్యాహ్నం దాకా ఆగదు కాబట్టి బేరమాడే సమయమూ ఉండదు. కిలో చేపకు కిలో ఐస్ ఉంటే మరుసటి రోజు వరంగల్ మార్కెట్‌కైనా, గంపతో ఊళ్లు తిరిగి అమ్మే మహిళలకైనా అందించవచ్చు.

అందుకే పంపిణీకి పెట్టే డబ్బులో కొంత మండల స్థాయి నర్సరీ కుంటలకు మళ్లించాలని గట్టిగా అంటున్నాం. జూన్, జూలైల్లోనే చిన్న పిల్లను తెచ్చి, తవుడు, వేరుశనగ చెక్క వేస్తూ రెండు నెలలు సాకితే పెద్ద సైజు పిల్ల ఇక్కడే తయారవుతుంది. ఆ పని కూలి సొసైటీ సభ్యులదే అవుతుంది. మిగతాది ఐస్ డబ్బాలకు, అడ్వాన్సు అవసరం తీర్చేలా సీజనుకు ముందే అందే సొసైటీ అప్పుకు పోవాలి.