సంతకం వస్తే చాలదా అన్నవాళ్లకు

మా ఇంట్లో పనిచేసే అక్కకు సాయంత్రాలు అక్షరాలు నేర్పుతున్నాను. అది చూసి మొన్న మా చుట్టాల్లో ఒకరు, "ఈ వయసులో ఆమెకు చదువెందుకు, సంతకం వస్తే చాలదా?" అన్నారు. అప్పట్నుంచీ కడుపు రగిలిపోతోంది.

మాది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా రాత్రి బడులు పెట్టారు. పగలంతా నాట్లేసి, కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు ముందు పలకలు పట్టుకు కూర్చున్నారు. వాళ్ల వాచకాల్లో సారా సంసారాలను ఎలా తినేస్తుందో చెప్పే పాఠాలుండేవి. కలిగిరి మండలం దూబగుంటలో ఆ చదువుకున్న ఆడవాళ్లే రోశమ్మ ముందుండగా ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్ల కథ 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై మిగతా ఊళ్ల బడులకు చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

సారా మీద కోపం వాళ్లకు పలక పట్టకముందు నుంచీ ఉంది. కానీ ఎవరింటి ఏడుపు వాళ్లు కొంగులో దాచుకునేవాళ్లు. అదే ఏడుపు అచ్చులో కనపడి, నలుగురూ కూడబలుక్కుని చదివితే, ఇది నా ఒక్కదాని తలరాత కాదని తెలిసింది. సంతకం ఆ పని చేస్తుందా?

ఆ బడులు ముఖ్యంగా 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు. మా అమ్మమ్మకు నలభై దాటాయి. రిజిస్టరులో పేరు లేకపోయినా వెళ్లి ఓ పక్కన కూర్చునేది. ఆమె సొంతంగా చదివిన మొదటి బస్సు బోర్డు 'కావలి'. ఒక్క ఒత్తు కూడా లేదు కదా! 'ఆత్మకూరు' దగ్గర మాత్రం చాన్నాళ్లు తడబడింది. అంతకుముందు బస్టాండులో "ఏం బస్సు నాయనా?" అని అడిగితే విసుక్కునేవాళ్లే ఎక్కువ.

తర్వాత ఒకరోజు, తాను వేలిముద్ర వేసిన ప్రోనోటు అడిగి తీసుకుని అక్షరం అక్షరం చదివింది. రెండు రూపాయల వడ్డీ అని చెప్పి, అందులో మూడు రాసుకున్నారు. ఆ రాత్రి అన్నం తినలేదట. మళ్లీ చదవకుండా ఏ కాగితం మీదా చెయ్యి పెట్టలేదు.

జనాభా లెక్కల్లో కూడా, అర్థం చేసుకుని చదవడం, రాయడం వస్తేనే అక్షరాస్యులంటారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో ఏడేళ్లు నిండినవాళ్లలో అలాంటివాళ్లు నూటికి 67 మందే. మిగతావాళ్లలో పెద్దవాళ్లు ఎంతమందో మన ఇళ్లలోనే చూడండి. అంట్లు తోముతున్నారు, ఇటుకలు మోస్తున్నారు, మనం పెట్టమన్నచోట వేలిముద్ర పెడుతున్నారు. మీ పిల్లలకు ట్యూషన్ చెప్పిస్తారుగా, అందులో ఒక అరగంట వాళ్లకివ్వండి. ఒక పలక కొనండి.

మా అక్క సోమవారం ఒత్తుల దగ్గరికొచ్చింది. 'అమ్మ' రాసి, పలక చాలాసేపు చెరపలేదు. ఆమె పుట్టిల్లు ఆత్మకూరు. ఈ వారం ఆ పేరు రాయిస్తాను.