పదేళ్ల ఫండు, తరాల జబ్బు

పర్లాకిమిడిలో, గుణుపురంలో ఒంట్లో బాగోకపోతే మనవాళ్లు బయల్దేరేది భువనేశ్వర్‌కు కాదు, శ్రీకాకుళానికి. అక్కడా కుదరకపోతే విశాఖకు. 1936లో ఒడిశాలో కలిశాం గానీ ఆస్పత్రి దారి మారలేదు.

ఇలాంటి చోట వైద్య స్టార్టప్ పెడతానంటే, కొత్త కంపెనీల్లో వాటా కొని డబ్బు పెట్టే వెంచర్ క్యాపిటల్ వాళ్లు మొదట అడిగేది, డబ్బు ఎవరిస్తారని. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల ఫండుకు ఆయుష్షు సాధారణంగా పదేళ్లు. ఆలోగా వాటా అమ్మి, మదుపరులకు లాభంతో తిరిగివ్వాలి. పెట్టిన కంపెనీల్లో చాలావరకు మునుగుతాయని తెలిసే దిగుతారు కాబట్టి, నిలిచిన ఒకటి రెండూ బాగా పెద్దవి కావాలి.

ఇటు చూస్తే కొండ ఊళ్లలో సికిల్‌సెల్. తల్లిదండ్రుల నుంచి బిడ్డకొచ్చే రక్తపు జబ్బు. 2023లో మొదలైన జాతీయ మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలనుకుంది. నిర్మూలనకు పెట్టుకున్న గడువు 2047. ఏ ఫండు అంతకాలం ఆగుతుంది? అందుకే పెట్టుబడి మందులు ఇంటికి తెచ్చే యాప్‌ల వెంట పడింది. అక్కడైనా భద్రమా అంటే, 2021లో రక్తపరీక్షల సంస్థ థైరోకేర్‌ను కొన్న మందుల యాప్ ఫార్మ్‌ఈజీ రెండేళ్లకే తన విలువను దాదాపు 90 శాతం కోసుకుని రైట్స్ ఇష్యూకు, అంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడానికి, వెళ్లింది.

ట్రూనాట్ కథ వేరు. బెంగళూరు బిగ్‌టెక్ ల్యాబ్స్‌లో పుట్టిన ఈ టీబీ పరీక్ష యంత్రం బ్యాటరీతో నడుస్తుంది, చిన్న ఆరోగ్య కేంద్రంలోనూ పెట్టుకోవచ్చు. ప్రభుత్వ టీబీ కార్యక్రమం కొన్నది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. తయారీదారు మోల్‌బయోలోకి సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్ 8.5 కోట్ల డాలర్లతో వచ్చింది 2022లో. వరస గమనించండి: ముందు ప్రభుత్వం కొన్నది, తర్వాతే ఈ పెద్ద పెట్టుబడి వచ్చింది.

తొలి నమూనాకు కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బిరాక్ 50 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. ఆ తర్వాతే అసలు ఖాళీ: కొనేవాడు లేడు. ఆ కొనుగోలు జిల్లా యంత్రాంగం చేయాలి, షరతులూ పెట్టాలి. గజపతి జిల్లాలో ఆశా కార్యకర్తకు ఇంట్లో తెలుగు, ఊళ్లో గిరిజన భాష సవర, రిజిస్టర్లో ఒడియా. ఇన్వెస్టర్ దీన్ని చిన్న మార్కెట్ అని కొట్టేస్తాడు. మూడు భాషల్లోనూ పనిచేయాలని టెండర్లో రాస్తే కంపెనీ చచ్చినట్టు చేస్తుంది.

అయితే ఆర్డరిచ్చి బిల్లు ఆపితే ఇదంతా దండగ. చిన్న సంస్థలకు 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టమే చెబుతోంది. ఇన్వెస్టర్ కూడా ఆర్డర్ కాపీ చూసి తలూపడు, ఖాతాలో పడిన సొమ్ము చూపించమంటాడు.