గుంటకు రెండే!

(నల్లగొండ రామగిరిలో ఓ ఇంటి వరండా. అక్క రుక్మిణి, రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. తమ్ముడు యాదగిరి, రిటైరైన కరెంటు లైన్‌మన్. మధ్యలో వామనగుంటల పీట, పక్కన గిన్నెలో వేయించిన చింతగింజలు.)

యాదగిరి: ఆటకని పిలిచి పాఠం పెట్టినవేందక్కా? జిందగీ అంతా స్తంభాలెక్కినోణ్ణి, నాకే ఎలక్ట్రాన్ల గురించి చెప్తవా?

రుక్మిణి: తీగలు బిగించావు గానీ ఎలక్ట్రాన్లు పరమాణువులో ఎట్లా సర్దుకుంటాయో ఎప్పుడన్నా అడిగావా? రేపు మనవరాలికి చెప్పాలి, ముందు నీకు ఎక్కుతుందో లేదో చూస్తున్నా. పరమాణువు ఫ్లోరిన్. గింజంటే ఎలక్ట్రాన్, దీనికి తొమ్మిది.

యాదగిరి: నల్లగొండల దాని పేరెత్తితేనే మోకాళ్లు నొస్తయి. వేరేది లేదా?

రుక్మిణి: నోర్మూసుకుని నింపు. గుంటంటే ఆర్బిటాల్, ఎలక్ట్రాన్లుండే చోటు. మొదటి గుంట 1ఎస్, రెండోది 2ఎస్, తర్వాతి మూడూ 2పి.

(యాదగిరి మొదటి గుంటలోనే గుప్పెడు కుమ్మరించాడు. రుక్మిణి చేతిమీద ఒకటిచ్చింది.)

రుక్మిణి: గుంటకు రెండే! 1925లో పౌలి అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఆ రెంటికీ స్పిన్, అంటే తిరుగుడు లాంటి గుణం, ఎదురెదురుగా ఉండాలి. ఒక గింజ ముక్కు పైకి, ఇంకోదానిది కిందికి పెట్టు. ఆ సూత్రానికే 1945లో ఆయనకు నోబెల్ ఇచ్చారు.

యాదగిరి: మనిషికి రెండే అని గారెల కాడ అమ్మ రోజూ అనేది. ఆమెకేమియ్యలేదే!

రుక్మిణి: అమ్మ చూడనప్పుడు నువ్వు నాలుగు తినేవాడివి. ఎలక్ట్రాన్లు నీలాంటివి కాదు. 2పిలో ముందు గుంటకొకటి వెయ్యి, ఆ తర్వాతే జతలు. అది హుండ్ నియమం.

యాదగిరి: ఇక్కడ మిగిలేవి అయిదు. ఎట్ల వేసినా చివరికి రెండు, రెండు, ఒకటే కదా?

రుక్మిణి: ఫ్లోరిన్ కాబట్టి తప్పించుకున్నావు. నైట్రోజన్‌కు 2పిలో మూడే, అక్కడ దొరికిపోతావు. మూడూ విడివిడిగా, ఒకే దిక్కు చూస్తూ ఉండాలి. ఒకదాన్నొకటి నెట్టుకునేవి దూరంగా ఉంటేనే నెమ్మది. ఇంతకీ నిజంగా గుంటలు ఉంటాయనుకునేవు. ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎక్కువున్న చోటు, అంతే. ఎస్ గుండ్రంగా ఉంటుంది, పి డంబెల్‌లా ఉంటుంది. అరే, ఎనిమిదే ఉన్నాయేంటి?

(యాదగిరి దవడ ఆగింది.)

యాదగిరి: ఒకటి పోతే ఆక్సిజన్ అయితది గదా. ఊరికి మేలు చేసిన!

రుక్మిణి: కేంద్రకంలో ప్రోటాన్లు తొమ్మిదుంటే అది ఫ్లోరినేరా! అయినా దాని దగ్గర లాక్కోవడం తేలికనుకున్నావా? 2పిలో ఒక్కటే ఖాళీ, అది నింపుకోవడానికి ఎవరి దగ్గరైనా గుంజుకుంటుంది. గుంజుకున్నాక పది, నియాన్‌కున్నన్ని. అప్పుడది ఫ్లోరైడ్.

యాదగిరి: కడుపు నిండింది గదా, మళ్లీ మన బొక్కల్లోకి ఎందుకు దూరింది?

రుక్మిణి: ఎముకలో హైడ్రాక్సైడ్ ఉండే చోటు దీనికీ సరిపోతుంది. ఛార్జి అదే, సైజూ ఇంచుమించు అదే. మన రాళ్లలోంచి బోరు నీళ్లలోకి దిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్లతరబడి తాగితే నడుములు వంగవా? పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని.

యాదగిరి: పేరన్నా దక్కింది. ఇగ లేస్తా.

రుక్మిణి: కూర్చో. క్రోమియం ఉంది. గింజలు 24.

యాదగిరి: పీటకు 14 గుంటలే ఉన్నయి.

రుక్మిణి: దానికి 15 కావాలి. నీ దోసిలి పట్టు, అదే 4ఎస్.

(గింజలు పంచింది. 3డి గుంటలు అయిదింట్లో ఒక్కొక్కటి, దోసిట్లో ఒకటి.)

యాదగిరి: ఒక్కటేనా? 3డి కంటే ముందు 4ఎస్ నిండాలని మొన్న నువ్వే అన్నవు!

రుక్మిణి: క్రోమియం అట్లా వినదు. 3డి సగం నిండితే దానికి నిలకడ ఎక్కువ.

యాదగిరి: అయినా గుంటకు రెండంటివి. ఇంకోటెయ్యి, నములుకుంట.

రుక్మిణి: పౌలి ఒప్పుకుంటాడు. నేనొప్పుకోను.